చూడాల్సిన నవ్వు

మా చిన్నంనాయుడి నవ్వు చూడాలే గానీ వినలేం. ఏళ్ళ తరబడి ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లు హోరులో పని చేసినోడు కదా, అక్కడ ఎంత నవ్వినా పక్కోడికి వినబడదు, నోరు తెరిస్తే దుమ్ము. అందుకని తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని భుజాలు ఊపుతూ నవ్వుతాడు. ఇంట్లోనూ అంతే! మొన్న ఉగాది ఫంక్షన్లో, రోజూ తనతో కూచుని టీ తాగే ఇంజనీరు రామమోహనరావుగారు పద్యం ఎత్తుకుని పైస్థాయిలో గొంతు జీరపోతే, ముందు వరసలో నాయుడి భుజాలు ఎగిరేయి. "నన్ను చూసి స్నిగర్ చేస్తావటయ్యా!" అని రావుగారు అతనితో మాటలు మానేశారు. ఆ మాటేటో తెలీక నాయుడు ఇంగ్లీషు మీడియం కూతురు భాగ్యరేఖని అడిగేడు.

"స్నిగర్ అంటే వెక్కిరిస్తూ లోపల్లోపల నవ్వడం పప్పా. ముచ్చటేసి నవ్వితే చకిల్."

"రెండూ లోపలే గదే! తేడా ఎవులికి తెలుస్తాది?"

"నవ్వినోళ్ళకే."

"నాకే తెల్దే!"

మర్నాడు రావుగారి గుమ్మంలో నిలబడి, "సార్, నాది చకిలో ఏటో..." అంటూనే ఆగిపోయాడు. తువ్వాలు నోటికెళ్ళింది, భుజాలు ఊగిపోతున్నాయి. రావుగారు కళ్ళజోడు సర్దుకుని తేరిపార చూశారు.

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"తెల్దు సార్."

రావుగారికీ తేల్లేదు. లోపలున్న భార్య వైపు తిరిగి, "ఛాయా, నాయుడొచ్చాడు, టీ పెట్టు," అని కేకేశారు.