పంటు బరువు ఎక్కడ పెట్టాలి

ఇప్పుడు నా ల్యాబ్‌లో పిల్లలు నీటి మీద తేలే వస్తువుల లెక్కలు చేస్తుంటే నాకు మా పంటు గుర్తొస్తుంది. ఎంటెక్ ఆఖర్లో మా ప్రాజెక్టు అదే. మా నర్సాపురం రేవులో మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ అవతలి ఒడ్డుకి చేర్చే ఆ బల్లపరుపు పడవని కంప్యూటర్లో తేల్చాలి. నాతో కలిసి చేసినతను జంగారెడ్డిగూడెం వాడు. ఆయిల్‌పామ్ తోటల మధ్య పెరిగాడు, పంటు ఎక్కి ఎరగడు. అతనికి పూణేలో ఉద్యోగం ఖాయమైంది, కానీ ప్రాజెక్టు పాసైతేనే చేరనిస్తారు. పంటు మునిగితే అతనూ మునిగినట్టే.

మునగడం మాట అలా ఉంచండి, మొదట్లో అది ఎగిరేది. "మళ్ళీ గాల్లోకి లేచిందండీ!" అని తల పట్టుకునేవాడు. నీరు పడవని నెడుతుంది, పడవ నీటిని నెడుతుంది. ఆ నెట్టుడుకి పుట్టిన త్వరణాన్నంతా ఒక్కసారే పడవకి ఇచ్చేస్తే లెక్క చెదిరిపోతుంది. అందుకని కొంత వాటానే ఇవ్వాలి. ఎంత వాటా అన్నదే మా రోజువారీ తగువు. ఎక్కువిస్తే ఎగురుతుంది, మరీ తగ్గిస్తే బద్ధకిస్తుంది. అతను విసిగిపోయి, ఊగుడుని అణిచే డాంపింగ్ బాగా పెంచేశాడు. పంటు బుద్ధిగా నిలబడింది.

మా గైడ్ గారు చూసి, "ఇది గోదావరా, సిమెంటు గచ్చా? పంటు ఒడ్డుకొచ్చేటప్పుడు ముందుకి ఒరుగుతుందయ్యా. మీదేంటి, ఉలకదూ పలకదూ?" అన్నారు. నేను నవ్వాపుకోలేకపోయాను.

డాంపింగ్ తీసేశాం. టైమ్ స్టెప్, అంటే లెక్కలో ఒక్కో అడుగుకి పట్టే కాలం, తగ్గించి, వాటాని సున్నా పాయింట్ ఏడు దగ్గర పెట్టాం. ఈసారి ఎగరకుండా ఊగింది. ముందుకి మాత్రం ఒరగలేదు.

ఆదివారం అతన్ని రేవుకి తీసుకెళ్ళాను. పంటు నడిమధ్యన కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయాడు. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే మా వాళ్ళు బళ్ళు స్టార్టు చేసి, బుట్టలెత్తుకుని, ముందుకి తోసుకొచ్చేశారు. పంటు ముందు భాగం కిందికి వంగింది. "ఆగండయ్యా బాబూ, ఒడ్డెక్కడికీ పారిపోదు!" అని నడిపేవాడు అరుస్తూనే ఉన్నాడు. వినేదెవరు? నేనూ చిన్నప్పటి నుంచీ ఆ ముందు వరసలోనే తోసుకుంటూ ఉన్నదాన్నే. అందుకే పంటు ఒరిగేది మా తోపులాట వల్లేనని నాకెప్పుడూ తట్టలేదు.

అతను భయంతో నా చెయ్యి పట్టుకున్నాడు. "మనం బరువంతా మధ్యలో పెట్టామండీ! ఇక్కడ మధ్యలో మనం తప్ప ఎవరున్నారండీ?" అన్నాడు. ఒడ్డు తగిలేదాకా చెయ్యి వదల్లేదు.

మర్నాడు గురుత్వ కేంద్రాన్ని ముందుకి జరిపి, లెక్క నడవనిచ్చి, స్క్రీన్ ముందు కూర్చున్నాం. అతనంటే నాకు ఇష్టమని అప్పటికే నాకు తెలుసు. పంటు సరిగ్గా తేలితే అతను వెళ్ళిపోతాడనీ తెలుసు. ఒక్క క్షణం, ఎగిరిపోతే బాగుణ్ణనిపించింది. అది మెల్లగా వంగి, అచ్చం రేవులోలాగే ఒరిగి ఒడ్డుకొచ్చింది. అతను చిన్నపిల్లాడిలా గెంతాడు.

వైవా అయిన వారంలోనే రాజమండ్రి స్టేషన్లో రైలెక్కాడు. "మీరు లేకపోతే అది తేలేది కాదండీ," అన్నాడు కిటికీలోంచి.

నిజమే. నేనే తేల్చాను, నేనే పంపేశాను.