రెస్ట్ రోజున అలిపిరి మెట్లు

2023 వేసవి. తిరుపతిలోని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కు రేవతిని వాళ్ళ నాయన తీసుకొచ్చాడు. ఆయనకు నగరిలో పవర్‌లూమ్ పని. ఆమె ఇక్కడ హాస్టల్లో ఉంటూ, ఒక కోచ్ దగ్గర కానిస్టేబుల్ సెలక్షన్ పరుగుకు తయారవుతోంది. కుడికాలు నేలకు ఆనించలేకపోతోంది.

"ఈడ మేడం, ఎముక మిందనే. పొడిచినట్టు ఉండాది," అని మోకాలి కింద చూపించింది. వేలితో నొక్కగానే బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

ఎంత దూరం, ఎంత వేగమని అన్నీ అడిగాక, "పరుగు లేని రోజుల్లో ఏం చేస్తావమ్మా?" అన్నాను.

"క్రాస్ ట్రైనింగ్. అలిపిరి మెట్లెక్కి, ఉరుక్కుంటా దిగేది. నొప్పని సార్‌కి చెప్పినాను. నొప్పికి బయపడేదానికి ఖాకీ ఎందుకన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. క్రాస్ ట్రైనింగ్ అంటే గుండెకు, ఊపిరికి పని చెబుతూ, పరుగులో దెబ్బలు తిన్న కాళ్ళకు ఊరట ఇవ్వడం. ఈత, సైకిల్ అందుకే. మెట్లు దూకుతూ దిగితే అదే ఎముక మీద మళ్ళీ అవే దెబ్బలు. స్కాన్ తీయిస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. తెరిపి లేని ఒత్తిడికి ఎముక చిట్లడమన్నమాట.

పరుగు ఆపించానని తెలిసి కోచ్ క్లినిక్‌కు వచ్చాడు. "సెలక్షన్లు దగ్గరపడినాయి. ఇప్పుడు కూసోబెడితే ఎట్ల మేడం? ఆ మెట్లు ముసలోళ్ళే ఎక్కతా ఉండారు."

"ముసలోళ్ళు ముందురోజు గ్రౌండ్‌లో పరిగెత్తి రావడం లేదు. ఉరుకుతూ దిగడం లేదు."

"నా కాడ ఇంతమంది ఉండారు. ఎవరికీ ఏం కాలేదే."

"దెబ్బ తగలనివాళ్ళే మీ దగ్గర మిగిలారు. తగిలినవాళ్ళు ఇళ్ళకు పోయారు."

ఆయన రేవతి వైపు చూడనైనా చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఈసారి తప్పితే వయసు దాటిపోతాది మేడం," అన్నాడు నాయన. ఎముక అతుక్కోవాలంటే వారాలు పడతాయని మాత్రం చెప్పగలిగాను.

ముందు కాలికి పూర్తి విశ్రాంతి. తరవాత నడుముకు తేలే బెల్టు కట్టి, కాలు నేలకు తగలనంత లోతు నీళ్ళలో పరుగు. ఆపైన సైకిల్, పిక్కకూ తుంటికీ బలమిచ్చే వ్యాయామాలు. మొదటి నుంచీ రెస్ట్ రోజుల్లో చేయాల్సినవి ఇవే. రేవతి ఒక్క పూట కూడా మానలేదు. కానీ సెలక్షన్ నాటికి ఆమె ఇంకా నీళ్ళలోనే ఉంది.

కొన్ని నెలలకు మునుపటికంటే వేగంగా పరిగెత్తింది. చివరిసారి వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగాను.

"కాలు బాగుండాది మేడం. వయసు దాటిపోయింది, ఇంక పరిగెత్తేదానికే పని లేదు."

ఆ కోచ్ మీద కోపం నాకింకా తగ్గలేదు. తగ్గించుకోవాలనీ లేదు. ఒకప్పుడు రన్నర్లు వస్తే ఎంత దూరం, ఎంత వేగమని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మొదట పరుగు లేని రోజు గురించి అడుగుతాను. ఆ రోజు ఏం చేయమన్నారో విన్నాకే, కాలు ముట్టుకుంటాను.