ఎర్ర దారంతో కుట్టిన ఆకు

దెయ్యాల ఊసెత్తితే మా అత్తగారినే కసిరేదాన్ని నేను. ఈ సంగతి జరిగాక కూడా దెయ్యం ఉందని అనను. చూసింది మాత్రం చెబుతాను.

అరవైల చివర్లో గజపతినగరంలో మాకు ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలు మా ఆయన తీసేవారు, మిషను కుట్టేది నేను. తీర్థాలకి, జాతరలకి వచ్చేవాళ్ళు రాజు వేషమో, బంటు వేషమో వేసుకుని ఫోటో దిగుతారని ఆశపడ్డాం. శృంగవరపుకోట దగ్గర ఒక పాత మండపం గోడ మీద యుద్ధం బొమ్మలుంటే, ఆ వేషాలు కుట్టడానికని వెళ్ళి కాగితం మీద దించుకొచ్చాను.

అందులో ఒక సిపాయి తొడుక్కున్న దూది కూరిన అంగీ నాకు తెగ నచ్చింది. దాని ఎడమ డొక్క మీద ఎర్రటి ఆకు ఒకటి ఉంది. అలాంటి అంగీయే కుట్టి, ఆకుని అలంకారం అనుకుని ఎర్ర పట్టుదారంతో అచ్చం అలాగే దాని మీద కుట్టాను. చివర్లో సూది జారి ఆకు కొస వంకరపోయింది. విప్పడానికి బద్ధకించాను.

నమూనా ఫోటో కోసం ఆ అంగీ మా తమ్ముడు సూరికి తొడిగాం.

"అప్పా, డొక్క మీద ఈ ఆకేటే?" అని నవ్వాడు.

"బొమ్మలో ఉన్నాదిరా. నోరు మూసుకుని నిలబడు" అన్నాను.

ఎదురుగా మా మరిది అప్పన్న బల్లెం పట్టుకున్నాడు. వెదురు కర్రకి అట్టముక్క, దాని మీద వెండి కాగితం, అంతే. కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకునే మనిషి అతను. పట్టపగలు, మా పెరట్లో. మా ఆయన కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి "కదలకండి" అన్నారు.

అప్పన్న ఒక్క ఉరుకున వచ్చి సూరిని పొడిచాడు. లాగి మళ్ళీ పొడిచాడు. ఆ ఆకు మీదే, మళ్ళీ మళ్ళీ. అడ్డం పడితే నా జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ముందుపన్ను విరిగింది. మా ఆయన కెమెరా స్టాండుతో బాదితే గానీ ఆగలేదు. కూలబడి, "ఏటైనాది వదినా?" అన్నాడు.

సూరి అంగీ అంతా నెత్తురు. జీపులో విజయనగరం తీసుకుపోయాం. దారి పొడుగునా వాడి తల నా ఒళ్ళోనే. ఒక్కగానొక్క తమ్ముడు, వాడు పోతే నేనేం కావాలి దేవుడా అని ఏడ్చాను. గాయం నాలుగు వేళ్ళ లోతు ఉంది. ఏ కత్తి అని డాక్టరు గద్దించి అడిగారు. అప్పన్నని జైలుకి పంపలేక, కొడవలి మీద పడ్డాడని అబద్ధమాడాం.

సూరి బతికాడు. ఇంటికొచ్చి అంగీ ఉతికి ఎండకి పట్టి చూశాను. ఎక్కడా చిన్న చిరుగు కూడా లేదు. బల్లెం అట్ట మొన వంగనైనా లేదు. అప్పన్న మాత్రం మళ్ళీ మా ఇంట్లో అన్నం ముట్టలేదు.

ఆ మండపానికి మళ్ళీ వెళ్ళాను. తీరిగ్గా చూస్తే అది ఆకు కాదు, గాయం. ఎంత గుడ్డిదాన్ని! గాయాన్ని ముచ్చటపడి కుట్టి తమ్ముడికి తొడిగాను.

కట్లు విప్పాక సూరి మచ్చ చూశాను. ఆకులాగే ఉంది, కొస వంకర. గోడ మీది బొమ్మలో ఆ వంకర లేదు. అది నా సూది జారిన చోటు. ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు.

వాడు చొక్కా విప్పితే నేను లేచి వెళ్ళిపోతాను. "నువ్వు కుట్టిందే గదప్పా" అని ఎగతాళి చేస్తాడు. నాకు నవ్వు రాదు.