అక్క వాలు

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో మేము గూనపెంకుల ఇల్లు కట్టుకున్నాం. గోడలు లేచాక, కప్పుకు వాలు ఎంత పెట్టాలని చెక్కపని చేసే వడ్లాయన అడిగాడు. బొగ్గుబాయిలో పనిచేసే మా ఆయన తడుముకోకుండా చెప్పాడు: "ఐదుకొకటి పెట్టు. మా బాయిల గంత వాలు ఎక్కితెనే ఊపిరాడది."

అంటే ఐదు మూరల దూరానికి ఒక మూర ఎత్తు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు మనిషి ఎక్కుడు చూస్తున్నవు. నేను నీళ్లు దిగుడు చూస్తున్న," అన్నాను.

ఆయన నవ్వాడు. నేను ఊరుకుంటానా? ఇంకా బిగించని తలుపు రెక్క మీద పెంకులు పరిచి, ఆయన చెప్పిన వాలుకే ఎత్తి, బిందెడు నీళ్లు పోశాను. నీళ్లు పెంకుల సందుల్లోకి వెనక్కి పాకి, చెక్కంతా తడిసింది. తుడిచి, కింద ఇటుకలు పెంచి మళ్లీ పోశాను. చివరికి నీళ్లు ఆగకుండా జారిపోయాయి. పెంకు తీసి చూస్తే చెక్క పొడిగా ఉంది. నా మోచేత్తోనే మూరలు వేశాను. రెండుకొకటి!

"గట్లనే పెడుత అక్కా," అన్నాడు వడ్లాయన.

ఆ వానాకాలం మా ఇంట్లో చుక్క కారలేదు. ఆ తర్వాత మా వాడలో ఎవరు ఇల్లు కట్టినా వడ్లాయన అడిగేవాడు: "బాయి వాలు పెట్టాల్నా, అక్క వాలు పెట్టాల్నా?"

మా మరిది ఇంటికీ అదే అడిగాడు. మరిది నోరు తెరవకముందే మా ఆయన అందుకున్నాడు: "అక్క వాలే పెట్టు!"

ఆయనకు నేను అక్కనెప్పుడయ్యానని అడగలేదు.

"ఏందీ? ఇంకోసారి అను," అన్నాను.