నేను తాళం వేసిన బడి

పెద్దమందడి దగ్గరి ఒక ఊరి బడికి రెండు గదులు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టే పని టెండర్‌లో నాకు వచ్చింది. వనపర్తిలో నాలాంటి చిన్న కాంట్రాక్టర్లకు అంత పని దొరకడం అరుదు. ఇటిక్యాల నుంచి మేస్త్రీని, అతని మనుషులను పిలిపించి ఎండాకాలం సెలవుల్లోనే ముగించాను. బడి తెరవగానే పిల్లలు కొత్త గదుల్లో కూర్చున్నారు. పని ఇచ్చిన ప్రభుత్వ ఆఫీసు ఇంజినీరు వచ్చి కొలతలు రాసుకుని, "పని మంచిగ చేసినవ్ భాయ్" అన్నాడు. బిల్లు మాత్రం కదలలేదు.

వానాకాలం పోయింది, దసరా పోయింది. ఆఫీసుకు వెళ్లిన ప్రతిసారీ ఇంజినీరుది ఒకటే మాట. "పైకి పంపినం. బడ్జెట్ రాలే. నేనేం జేయాలె?"

సిమెంటు దుకాణం ఆయన ఫోన్‌లో అరిచేవాడు. మేస్త్రీ అరవడు. వచ్చి మా వాకిట్లో కూర్చునేవాడు. "నువ్వు ఇయ్యనంటలేవు భాయ్. కాని నా మనుషులు నన్నే అడుగుతరు గద" అనేవాడు. తిట్టినా బాగుండేది.

చిన్న సంస్థలకు నలభై ఐదు రోజుల్లో డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలని చట్టం ఉందట. నా సంస్థ దాని కింద నమోదై కూడా ఉంది. కొండంత ఆశతో నాగర్‌కర్నూల్‌లో తెలిసిన వకీలు దగ్గరకు బస్సెక్కాను. ఆయన కాగితాలన్నీ చదివాడు.

"చట్టం ఉన్నది. కాని అది సామాను అమ్మినోళ్లకు, సేవ చేసినోళ్లకు. నువ్వు బిల్డింగు కట్టినవ్. గట్లాంటి పనికి వర్తించదని చాన కోర్టులు అన్నయి. కొట్లాడొచ్చు, కాని ఏండ్లు పడ్తది."

"సిమెంటు సామాను కాదా సార్? కట్టుడు సేవ కాదా?"

"విడివిడిగ అయితే అయితది. కలిస్తే కష్టం."

అంటే ఇటుకలు తెచ్చి బడి ముందు కుప్ప పోసి వచ్చినా చట్టం నా వెంట ఉండేది. వాటిని గోడలుగా లేపడమే నేను చేసిన పొరపాటు! బస్సులో దారంతా నాలో నేనే గొణుక్కున్నాను. ఆ ఆదివారం వెళ్లి గదులకు, మరుగుదొడ్లకు తాళాలు వేసి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరమ్మ ఫోన్ చేసింది. "అన్నా, పైసలు ఆపింది పిల్లలు కాదు గద. ఆడపిల్లలు ఏడికి పోవాలె?"

"మరి నేనేడ ఏయాలె మేడమ్ తాళం? ఆఫీసుకు ఏయనిస్తరా?"

"నువ్వు వచ్చి తాళం తియ్యి. ఆఫీసుకు మేం పోతం" అంది.

నేను వెళ్లి తాళాలు తీశాను. అప్పటికే ఆఫీసు నుంచి నోటీసు బయలుదేరింది. ప్రభుత్వ ఆస్తికి తాళం వేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నెలల తరబడి కదలని ఆఫీసు నోటీసు పంపడానికి రెండు రోజులు కూడా తీసుకోలేదు.

హెడ్మాస్టరమ్మ మాట తప్పలేదు. ఆడపిల్లల తల్లులను ఆటోల్లో వనపర్తి తీసుకొచ్చింది. వాళ్లు ఆఫీసు వరండాలో కూర్చున్నారు. "మా బడి కట్టినాయనకు పైసలెందుకు ఇయ్యలే?" అని ఒకామె గట్టిగా అడుగుతుంటే ఇంజినీరు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని లోపలికీ బయటికీ తిరిగాడు. ఆ తల్లుల్లో ఒక్కరు కూడా నాకు తెలియదు.

కొన్ని వారాలకు సగం బిల్లు పడింది. ముందు మేస్త్రీకి ఇచ్చాను, తర్వాత సిమెంటు దుకాణానికి. మిగతా సగం అడిగితే ఇంజినీరు విసుక్కున్నాడు. "సగం వచ్చింది గద, ఇంక లొల్లి ఏంది?"

ఈ మధ్య ఆయనే ఫోన్ చేశాడు. ఇంకో ఊళ్లో అంగన్‌వాడీకి ప్రహరీ కట్టాలట. "టెండర్ ఏయి భాయ్. నువ్వయితే మంచిగ కడ్తవ్."

"పైసలెప్పుడిస్తరు సార్?"

ఆయన నవ్వాడు. నేను ఫోన్ పెట్టేశాను.