నేల కింది గదికి కట్టిన విలువ

గార్లదిన్నె దగ్గర పెద్ద రోడ్డు పక్కనే మా ఇల్లు. ముందు గదిలో మా ఆయన తమలపాకులు అమ్మేవాడు. మా ఎండలకు ఆకు పూటలోనే వాడిపోయేది. అందుకని మా పెళ్లైన కొత్తలో వెనక గది కింద తవ్వించి ఇంకో గది కట్టించాడు. రాతి మెట్లు, సున్నం పూసిన గోడలు, కింద నున్నటి నాపరాళ్లు, గాలి కోసం పెరటి వైపు పైన రెండు కంతలు. ఆకు బుట్టలు ఒక మూలకే సరిపోయేవి, మిగతా చోటంతా మాది. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడే తినేవాళ్లం, అక్కడే పడుకునేవాళ్లం. నా పెద్ద కూతురు పుట్టింది కూడా అక్కడే.

అరవైల్లో రోడ్డు వెడల్పు చేస్తారని, మా వరస ఇళ్లు పోతాయని తెలిసింది. విలువ కట్టడానికి ఒక ఓవర్సీరు టేపు తీసుకొని వచ్చాడు. కోస్తా వైపు మనిషి. పై గదులు కొలిచి బయల్దేరబోయాడు.

“సార్, కింద గది ఉండాది. దాన్నీ కొలవాల,” అన్నాడు మా ఆయన.

ఓవర్సీరు మెట్ల దగ్గర వంగి చూశాడు, దిగలేదు. “ధాన్యం పాతరలు మేము లెక్కలోకి తీసుకోమండీ.”

గడపలో కూర్చున్న మా అత్త తలెత్తింది. “ఏమప్పా, నా మనవరాలు పుట్టింది ఆడనే. పాతరలో కాన్పు చేస్తారా ఎవురన్నా?”

అప్పుడు దిగి కొలిచాడు. దూలం దగ్గర ఎత్తు చాలదన్నాడు. మా ఆయన తలపాగాతోనే దూలం కింద నిలబడి చూపించాడు.

“మీ ఎత్తు కాదండీ, రూలు ఎత్తు కావాలి. పైగా కిటికీ కూడా లేదు.”

ఓవర్సీరు వెళ్లగానే మా ఆయన వడ్రంగిని పిలిచాడు. కూలిపోయే ఇంటికి కిటికీలేమిటని నేను మొత్తుకున్నాను. “గది అని రాస్తే చాలు నాకు,” అన్నాడు. కంతలు పెద్దవి చేయించి చట్రాలు బిగించాడు. రెండోసారి వేరే మనిషి వచ్చాడు. నోటీసు తర్వాత పెట్టిన కిటికీలు చెల్లవని ఒక్క మాటతో తేల్చేశాడు.

చివరికి లెక్క చేతికొచ్చింది. కింది గదికి ఏమీ కట్టకపోగా, గుంత పూడ్చే ఖర్చు అని చెప్పి ఇంటి విలువలోంచే కొంత కోసేశారు. ఇద్దరం ఆఫీసుకు పోయాం. పొద్దుటినుంచి బెంచీ మీద కూర్చుంటే మధ్యాహ్నానికి లోపలికి పిలిచారు.

“తవ్వించుకునింది మా కష్టంతోనే. పూడ్చేదానికీ మేమే ఇచ్చుకోవాల్నా సార్?” అని అడిగాను.

“రోడ్డు కింద గుంత వదిలిపెట్టలేం కదమ్మా,” అన్నాడు అధికారి. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళీ లేదు. అదే నాకు ఎక్కువ మండింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

నాపరాళ్లు మేమే గడ్డపారతో లేపుకున్నాం. సగం విరిగాయి. మా ఆయన కిటికీ చట్రాలు ఊడదీస్తుంటే వద్దన్నాను, వినలేదు.

కొత్తగా ఇల్లు వేసుకున్న చోట మూరెడు లోతుకే బండ తగిలింది. గడ్డపార వంగిపోయింది గానీ గుంత పడలేదు. ఆ ఎండాకాలం బుట్టలకు బుట్టలు ఆకు పారబోశాం. వానలు పడక ముందే మా ఆయన ఆకు వ్యాపారం మానేసి కిరసనాయిలు అంగడి పెట్టుకున్నాడు. అలవాటుగా ఎవరైనా వచ్చి ఆకు అడిగితే జవాబు నేనే చెప్పాల్సి వచ్చేది. ఆయన మొహం తిప్పుకొని డబ్బాలు సర్దుకునేవాడు.