మీరు కదిలితే ఎలా?

పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కనున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో జీవమణి టీం లీడర్. ఏసీ చలికని తెచ్చుకున్న ఆకుపచ్చ స్వెట్టర్ ఏళ్లుగా ఆమె కుర్చీకే వేలాడుతోంది. ఎవరి పని ఎక్కడ ఆగినా ఆమెనే పిలుస్తారు. కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని, వాళ్ల వెనక నిలబడే సరిచేసి వెళ్తుంది. ప్రమోషన్ల వేళ పై అధికారి హనుమత్ప్రసాద్ గారు ఏటా ఒకటే మాట అంటారు: "మీరు కదిలితే ఈ టీం ఏమైపోతుందండీ?" మొదట్లో పొగడ్తే అనుకుంది. ఈసారి తను లేకున్నా టీం నడుస్తుందని చూపించాలనుకుంది. జూనియర్ కేదార్‌కి పనంతా నేర్పి, వారం సెలవు పెట్టింది. "ఫికర్ చెయ్యకండి మేడం, నేను చూస్కుంట" అన్నాడతను. యూసుఫ్‌గూడ ఇంట్లో వారమంతా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగింది. ఆఫీసు నుంచి ఒక్క కాల్ కూడా రాలేదు.

సోమవారం హనుమత్ప్రసాద్ గారు నవ్వుతూ ఎదురొచ్చారు. "టీం భలే నడిచిందండీ! కేదార్‌లో ఇంత లీడర్ ఉన్నాడనుకోలేదు. మేనేజర్‌ని చేసి పై అంతస్తుకి పంపించాం. ఇప్పుడు అతను కూడా లేడు కాబట్టి, మీరు అస్సలు కదలకూడదు." మధ్యాహ్నం ఆమె ఫోన్ మోగింది. కేదార్. "మేడం, జర పైకి వస్తరా? ఇక్కడ ఒకటి అర్థమైతలేదు." జీవమణి వెళ్లింది. అతని కొత్త కుర్చీ వెనక నిలబడే సరిచేసి, మెట్లు దిగి వచ్చింది.